అప్‌డేట్: రచయిత్రి అయిన స్నేహితురాలి పెళ్లికి ఏమిచ్చానంటే

కథలు రాసే నా స్నేహితురాలి పెళ్లికి, తోటి రచయితగా ఏమిస్తే బాగుంటుందని నెల కిందట అడిగాను. వెనుకటి రోజుల్లో పెళ్లిపందిట్లో చదివి పంచిన పంచరత్నాల్లా అయిదు పద్యాలు రాసివ్వమని ఒక పెద్దాయన చెప్పారు. అదే చేశాను.

వేమన ఛందస్సు కదా, ఆటవెలది సులువనుకున్నాను. కాదు! గురులఘువుల జట్లయిన గణాల లెక్క తప్పకూడదు: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ఆమె పేరు అందులో ఒదగడానికే మూడు రాత్రులు పట్టింది. కడపలో ఒకప్పుడు సి.పి. బ్రౌన్ అనే ఆంగ్లేయ అధికారి బంగళా ఉన్న చోటే వెలసిన గ్రంథాలయంలో కూర్చుని యతి కుదిరే మాటల కోసం నిఘంటువులు తిరగేశాను. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించిన ఆ మనిషి పేరున్న చోట ఆ పని చేయడం నాకెంతో తృప్తినిచ్చింది.

పెళ్లి దేవుని కడపలో, తిరుమలకు తొలి గడప అని చెప్పుకునే గుడి దగ్గర జరిగింది. తలంబ్రాలయ్యాక పద్యాలు చదివాను. నాలుగో పద్యంలో ఆమె మొదటి కథ ప్రస్తావన వచ్చేసరికి వాళ్ల నాన్నగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

పసుపు అద్దిన ఆ కాగితాన్ని ఆమె అక్కడే మళ్లీ చదువుకుంది. జడలోంచి రెండు తలంబ్రాలు దానిమీద రాలాయి. దులపలేదు, అలాగే మడిచి దాచుకుంది. పై నెలకల్లా కొత్త కథ పంపుతానని మాట కూడా ఇచ్చింది. ఆ పెద్దాయనకు నా నమస్కారాలు.