పేరా రంగు ఎడిటర్‌లోనే మార్చాలా, థీమ్‌లో పెట్టుకోవాలా?

అడిగినవారు:
వర్డ్‌ప్రెస్‌లో హెచ్చరిక పేరాలకు ఎరుపు రంగు కావాలి. ఎడిటర్‌లో కుడివైపు ప్యానెల్‌లో రంగు పెట్టేస్తే పనైపోతుంది. మా డెవలపర్ మాత్రం క్లాస్ (పేరాకు తగిలించే గుర్తు పేరు; దాని రంగు వేరే ఒకే చోట రాస్తారు) వాడమంటున్నారు. ఇంత చిన్న పనికి సీఎస్ఎస్ (వెబ్ పేజీ రూపాన్ని రాసే భాష) నేర్చుకోవాలా?

జవాబు 1:
మీ డెవలపర్ మాటే నాదీ. ప్యానెల్‌లో కస్టమ్ రంగు ఎంచుకుంటే అది ఆ పేరాలోనే ఇన్‌లైన్ స్టైల్‌గా, అంటే ఆ ఒక్క పేరాకే అతుక్కున్న రంగు కోడ్‌గా, కూర్చుంటుంది. రేపు ఆ ఎరుపు కాస్త ముదురు చేయాలంటే పోస్టులన్నీ ఒక్కొక్కటే తెరవాలి. స్టైల్‌షీట్‌లో (సైట్ రూపం రాసి ఉండే సీఎస్ఎస్ ఫైల్లో) మామూలు రూల్ ఎంత రాసినా ఇన్‌లైన్‌దే పైచేయి. ఇక డార్క్ మోడ్ పెట్టిన రోజు చూడండి: నేపథ్యం నల్లబడుతుంది, మీరు చేత్తో వేసిన ముదురు రంగు అలాగే ఉంటుంది. చదివేవాళ్లకు అక్షరాలే కనపడవు.

అదే ప్యానెల్‌లో అడ్వాన్స్‌డ్ కింద క్లాస్ పేరు రాసే గడి ఉంది. పేరు 'ఎరుపు' అని కాకుండా 'హెచ్చరిక' అన్నట్టు పెట్టండి. రేపు నారింజ రంగుకు మారినా పేరు సరిపోతుంది.

జవాబు 2:
డెవలపర్ పక్కనే ఉంటే ఇవన్నీ బాగుంటాయండీ. రోజూ పోస్టులు వేసే మాకు క్లాస్ పేర్లు గుర్తుండవు. ఒక్క అక్షరం తప్పుపడితే స్టైల్ రాదు, ఎర్రర్ కూడా చూపించదు. పబ్లిష్ చేసే టైమ్‌లో ఆ టెన్షన్ ఎందుకు?

జవాబు 1:
నిజమే, రోజూ పేరు టైపు చేయమనడం న్యాయం కాదు. దానికి మందు పాలెట్, అంటే ముందే ఎంచి పెట్టిన రంగుల జాబితా. వర్డ్‌ప్రెస్ 5.8 నుంచి, అంటే 2021 నుంచి, థీమ్.జేసన్ అని థీమ్ సెట్టింగులు రాసే ఫైల్ ఉంది. అందులో నాలుగైదు రంగులు రాసిపెడితే ఎడిటర్‌లో గుండ్రటి బిళ్లల్లా కనిపిస్తాయి. వాటిలో ఒకటి నొక్కితే పేరాకు రంగు కోడ్ బదులు క్లాస్ పడుతుంది. ఫైల్లో రంగు మారిస్తే పాత పోస్టుల్లోనూ మారిపోతుంది. కస్టమ్ రంగు ఆప్షన్‌ను అక్కడే ఆపేయొచ్చు కూడా. నేపథ్యంతో అక్షరాల కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉందో లేదో డెవలపర్ ముందే చూసి పెడితే మీరు మళ్లీ ఆలోచించక్కర్లేదు.

ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి: అక్షరాలు పెద్దగా కనపడాలని పేరాను హెడ్డింగ్‌గా మార్చడం. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు చాలామంది హెడ్డింగుల మీదుగానే పేజీలో తిరుగుతారు. వాళ్లకు దారి తప్పుతుంది.

అడిగినవారు:
థీమ్ మారిస్తే పాలెట్ రంగు పోతుందా?

జవాబు 1:
కొత్త థీమ్‌లో అదే స్లగ్‌తో (ఫైల్లో ఆ రంగుకు ఇచ్చిన గుర్తింపు పేరుతో) రంగు ఉంటే నిలుస్తుంది. లేకపోతే పేరా మామూలు అక్షరాల రంగుకు వచ్చేస్తుంది. అప్పుడు ఆ స్లగ్‌ను కొత్త థీమ్.జేసన్‌లో ఒక్కసారి చేర్చుకుంటే చాలు.