పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా ఊరి నుంచి కెమెరా రావట్లేదు (బెంగళూరు)

మారతహళ్లి వాసి:
అందరికీ నమస్తే. పండక్కి అనంతపురం వెళ్తున్నాం, ఇంటికి తాళం. అక్కడి నుంచి డీవీఆర్ (రికార్డింగ్ డబ్బా) కెమెరాలు ఫోన్‌లో చూద్దామని రౌటర్ సెట్టింగ్స్ పేజీ 192.168.1.1లోకి వెళ్లి పోర్ట్ 8000 ఫార్వర్డ్ చేశాను, అంటే బయటి నుంచి ఆ పోర్ట్‌కి వచ్చే కనెక్షన్‌ని డీవీఆర్‌కి పంపమని రూల్ పెట్టాను. ఇంటి వైఫైలో వస్తోంది. మొబైల్ డేటాకి మారగానే కనెక్ట్ అవ్వదు. ఎవరికైనా ఇలా అయిందా?

కేఆర్‌పురం తమ్ముడు:
అన్నా, డీవీఆర్ ఐపీ మారిందేమో చూడు. కరెంటు పోయి వస్తే మా ఇంట్లో అలాగే మారేది. రౌటర్‌లో ఐపీలు పంచే సెట్టింగ్, అదే డీహెచ్‌సీపీలో, డీవీఆర్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చేలా అడ్రస్ రిజర్వేషన్ పెట్టాక ఆ గొడవ లేదు.

మారతహళ్లి వాసి:
అది ముందే పెట్టాను తమ్ముడూ.

వైట్‌ఫీల్డ్ నెట్‌వర్క్:
అయితే రూల్‌ని ఇక కదపకండి. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి నెట్ వైపు రౌటర్‌కి ఉన్న అడ్రస్) చూడండి. అదే వైఫై మీద గూగుల్‌లో మీ ఐపీ వెతకండి. రెండూ ఒకటేనా?

మారతహళ్లి వాసి:
కాదండి. వ్యాన్‌లో 100.72తో మొదలవుతోంది, గూగుల్‌లో 103తో.

వైట్‌ఫీల్డ్ నెట్‌వర్క్:
అసలు సంగతి అదే. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులను 2012లో ఇంటర్నెట్ ప్రొవైడర్ల కోసమే పక్కన పెట్టారు. ఐపీవీ4 అడ్రసులు చాలక, ఒక్క పబ్లిక్ ఐపీ మీద చాలా ఇళ్లకు నెట్ ఇస్తారు. సీజీనాట్ అంటారు దీన్ని. బయటి నుంచి వచ్చే కనెక్షన్ ప్రొవైడర్ దగ్గరే ఆగిపోతుంది, మీ రౌటర్ దాకా రాదు. మీ రూల్ ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు. వ్యాన్‌లో 192.168 కనిపించేవాళ్లు మాత్రం ముందు ఫైబర్ డబ్బా చూడండి, అదే ఇంకో రౌటర్‌లా పనిచేస్తుండొచ్చు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా మీ రౌటర్‌కే అందించేలా) పెట్టించుకుంటే చాలు.

బెళ్లందూరు అక్క:
ప్రొవైడర్ దగ్గర స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఇచ్చే, మారని పబ్లిక్ ఐపీ) తీసుకున్నా డీవీఆర్‌ని నేరుగా నెట్‌కి తెరవకండి, ప్లీజ్. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది. మా ఇంట్లో టెయిల్‌స్కేల్ (మన పరికరాలను ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌లా కలిపే వీపీఎన్ యాప్) వాడుతున్నాం. సీజీనాట్ ఉన్నా పనిచేస్తుంది, ఒక్క పోర్ట్ కూడా తెరవక్కర్లేదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత కంప్యూటర్‌లో వేసి, దాన్ని సబ్‌నెట్ రౌటర్‌గా పెట్టండి, అప్పుడు దాని మీదుగా ఇంట్లోని డీవీఆర్‌ని చేరొచ్చు. ఆ తర్వాత టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో ఆ రూట్‌ని (దారిని) అప్రూవ్ చేయాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

మారతహళ్లి వాసి:
స్టాటిక్ ఐపీకి నెలనెలా వేరే డబ్బు కట్టాలంటున్నాడు ఆపరేటర్. అందుకే పాత ల్యాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ వేశాను అక్కా. ఇప్పుడే కింద పార్కింగ్‌లో వైఫై ఆపేసి చూశాను, గేటు కెమెరా, మెట్ల కెమెరా రెండూ వచ్చాయి! మూత మూసినా ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చాను. కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది గానీ రౌటర్‌కి, డీవీఆర్‌కి లేదు. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఎవరైనా వాడుతున్నారా?

కేఆర్‌పురం తమ్ముడు:
నేను వాడుతున్నా అన్నా. కొనేముందు రెండు అడాప్టర్ల మీదా ఆంపియర్లు చూసుకో, డీవీఆర్‌కి ఎక్కువ కావాలి.