బుల్లెట్‌కి మ్యాట్ క్లియర్ కొట్టించాలనుకుంటా ఉండా, తెలిసినోళ్ళు చెప్పండన్నా

నల్లబండి_తిరుపతి:
అన్నా అందరికీ నమస్తే. నా దగ్గర క్లాసిక్ 350 ఉండాది, నల్లది. పెయింటు యాడా పెచ్చు లేవలేదు గానీ మెరుపంటే నాకు విసుగొచ్చేసింది, బట్టతో తుడిస్తే చాలు సన్న గీతలు పడతా ఉండాయి, అందుకే ట్యాంకు, సైడ్ ప్యానెళ్ళు, మడ్‌గార్డులు మొత్తం మ్యాట్, అంటే మెరుపు లేకుండా, చేయిద్దామని. రేణిగుంట రోడ్డులో ఒక పెయింటరు రంగు మీద కొట్టే మామూలు క్లియర్‌లోనే మెరుపు తగ్గించే మ్యాటింగ్ మందు కలిపేస్తా అంటాడు, ఇంకొకాయన పాతదంతా గీకి ప్రైమర్ నుంచి మొదలెట్టాల అంటాడు, ఇంకొకాయన క్లియరే వద్దు మ్యాట్ బ్లాక్ డైరెక్టుగా కొట్టేద్దాం అంటాడు. ఎవరి మాట వినాల? కలర్ మారినట్టు ఆర్‌సీలో గూడా ఎక్కించుకోవాల్నా?

గన్ను_చేతిలో:
తమ్ముడూ నేను పెయింటింగ్ పనిలోనే ఉండా, చిత్తూరు. పాత పెయింటు గట్టిగా ఉంటే గీకే పనే లేదు, 800 వాటర్ పేపర్‌తో మెరుపు మొత్తం పొయ్యేదాకా సమంగా రుద్ది, నూనె జిడ్డు లేకుండా తుడిచి, దాని మీదే 2కె, అంటే గట్టిపడేదానికి హార్డెనర్ కలిపి కొట్టే రకం, మ్యాట్ క్లియర్ కొట్టచ్చు. క్లియర్ లేని మ్యాట్ బ్లాక్ చౌకే గానీ ఎండకీ పెట్రోలుకీ తట్టుకోదు, ట్యాంకు మీద అస్సలు వద్దు. మ్యాటింగ్ కలపడం తప్పు కాదు, కంపెనీ చెప్పిన కొలత ప్రకారం తూకమేసి కలపాల, చూపు అంచనాతో కలిపితే ట్యాంకు ఒక తీరు మడ్‌గార్డు ఒక తీరు వస్తాది.

అసలు విషయం ఏందంటే ఆ క్లియర్‌లో సిలికా పొడి ఉంటాది, పైన కంటికి కనపడనంత గరుకు తెస్తాది, వెలుతురు చెదిరిపోతాది, అందుకే మెరవదు. ఆ పొడి గంజి పేరినట్టు డబ్బా అడుక్కి చేరుతాది, అడుగుదాకా కర్ర పెట్టి బాగా కలిపి వడగట్టాల. కొట్టినప్పుడు తడిగా నిగనిగలాడతా ఉంటాది, థిన్నర్ ఆరే కొద్దీ మ్యాట్ తిరుగుతాది, మొదటి కోటు పూర్తిగా మ్యాట్ తిరగకముందే తొందరపడి రెండోది కొట్టినారా, పట్టీలు పట్టీలుగా మెరుపు ఉండిపోతాది. మందంగా పడినచోట గూడా మెరుపు ఎక్కువే. మన ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటినప్పుడు మెల్లగా ఆరే స్లో హార్డెనరే వాడాల, లేదంటే గన్ను దిగకముందే ఆరిపోతాది. ముందు ఒక పాత రేకు ముక్క మీద కొట్టించి ఎండలో పెట్టి చూసుకో. దుమ్ము పడితే మామూలు క్లియర్ అయితే రుద్ది కాంపౌండ్ పెట్టి బఫింగ్ చేసి మెరుపు తెచ్చేయచ్చు, దీనికి ఆ దారి లేదు, రుద్దితే గరుకు అణిగిపోయి ఆ ముక్క మాత్రం మెరుస్తాది. అందుకే రోడ్డు పక్కన కొట్టేవాళ్ళ దగ్గరికి పోవద్దు, దుమ్ము రాకుండా మూసిన పెయింటింగ్ బూత్ ఉన్న చోటుకే పో. కొట్టే ఆయన మూతికి గుడ్డ కట్టుకోని ఉంటే సరైన మాస్కు పెట్టుకోమని చెప్పు, హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటాది, ఊపిరితిత్తులు పాడైపోతాయి.

కాణిపాకం_రైడర్:
నా బండి షోరూం మ్యాటే. పాలిష్, వ్యాక్సు, సిలికాన్ స్ప్రే ఏదీ పెట్టకూడదు, మైల్డ్ షాంపూ నీళ్ళతో మెత్తని మైక్రోఫైబర్ బట్ట చాలు. వాటర్ వాష్‌లో పాలిష్ కొట్టబోతారు, ముందే ఆపాల. మన కాడ ఇంకో సంగతి, వాహన పూజ. కాణిపాకంలో పూజ చేయించినప్పుడు ట్యాంకు మీద పసుపు కుంకుమ తడిపి పెట్టినారు, ఆ గరుకులో పసుపు పట్టుకోని కడిగినా సన్నగా మరక నిలిచింది, ఎండలో తిరగతా తిరగతా తగ్గింది. అప్పట్నుంచి బొట్టు హెడ్‌లైటు మీద, నంబర్ ప్లేటు పైన పెట్టమంటా. పిట్ట రెట్ట, పెట్రోల్ చుక్క పడితే అప్పటికప్పుడే నీళ్ళతో కడిగెయ్యి.

ఆర్‌సీ గురించి, నలుపు నలుపుగానే ఉంటాది కాబట్టి నీకు ఇబ్బంది లేదు, వేరే కలర్‌కి మార్చేటట్టయితేనే ఆర్‌టీవో ఆఫీసులో చెప్పి ఎక్కించుకోవాల.

నల్లబండి_తిరుపతి:
చాలా థ్యాంక్సన్నా. రేపు ఎప్పుడైనా సైడ్ ప్యానెల్ గీరుకుంటే ఆ గీత వరకే టచప్ చేయచ్చా?

గన్ను_చేతిలో:
చేయలేరు తమ్ముడూ, అంచు కలిసినచోట తేడా తెలిసిపోతాది, ఆ ప్యానెల్ అంచు నుంచి అంచుదాకా మళ్ళా క్లియర్ కొట్టాల్సిందే. ఇప్పుడే ఏ కంపెనీ క్లియర్, ఏ హార్డెనర్, ఏ కొలత అని పెయింటర్ చేత రాయించుకోని డబ్బా ఫోటో తీసి పెట్టుకో, అది లేకుంటే మళ్ళా అదే మ్యాట్ తేవడం కష్టం. ఇప్పుడు గూడా అన్ని పార్టులూ ఒకే కలుపులో ఒకే రోజు కొట్టించు.