మత్తయి 10:32లో "ఒప్పుకొనువాడు": ఏం ఒప్పుకోవాలి?

జమ్మలమడుగు నుంచి (అడిగినది):

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం సండే స్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది, వారం నుంచి అది నన్ను వదలడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. ఆ రోజు కంఠత వాక్యం మత్తయి 10:32. "మనుష్యులయెదుట నన్ను ఒప్పుకొనువాడెవడో పరలోకమందున్న నా తండ్రియెదుట నేనును వానిని ఒప్పుకొందును." పిల్లలంతా గడగడా ఒప్పజెప్పి కూర్చున్నారు. ఈ పిల్ల మాత్రం కూర్చోకుండా, "అక్కా, తప్పు చేసినోళ్లు కదా ఒప్పుకునేది, యేసయ్యను ఒప్పుకోవడం ఏంది, ఆయనేమన్నా తప్పా?" అనింది.

నాకు వెంటనే జవాబు రాలేదు. "అంటే ధైర్యంగా చెప్పడం" అని ఏదో సర్దేసి పాటలోకి వెళ్లిపోయినా. ఇంటికొచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది. ఎందుకంటే ఆ ప్రశ్న మాట గురించే కాదు, నా గురించి కూడా. మా ఆఫీసులో చేరిన కొత్తలో ఒకామె మధ్యాహ్నం అన్నాల దగ్గర "బొట్టు పెట్టుకోలేదేం, మీరు క్రిస్టియన్సా?" అని అడిగితే "అట్లేం లేదండీ, పొద్దున హడావిడిలో మర్చిపోయినా" అన్నాను. ఆమె మామూలుగానే అడిగింది, అందులో ఎగతాళి ఏమీ లేదు. భయపడాల్సిన అవసరమే లేని చోట భయపడినా. మా అవ్వ క్యాంబెల్ ఆసుపత్రి గుడిలో బాప్తిస్మం తీసుకున్న మనిషి, ఊర్లో అందరికీ తెలిసేటట్టు బతికింది. నేనేమో ఒక్క ప్రశ్నకు బొట్టు మర్చిపోయినా అనేశాను.

కాబట్టి భాష తెలిసినవాళ్లు చెప్పండి. ఇక్కడ "ఒప్పుకొను" సరైన మాటేనా? ఇంకో మాట ఉంటే ఆ పిల్లకు అదే చెబుతా.

ప్రొద్దుటూరు నుంచి (తెలుగు పండితులు, రిటైర్డ్):

అమ్మా, నేను మీ మతం వాణ్ణి కాను, కానీ మాట సంగతి చెప్పగలను. ఆ పాప తికమక ఎక్కడంటే, ఈ రోజుల్లో "ఒప్పుకున్నాడు" అనగానే పోలీస్ స్టేషనే గుర్తొస్తుంది, పేపర్లలో రోజూ అట్లే చదువుతాం కదా. అసలు ఒప్పు అంటే తప్పుకు ఎదురుమాట. తగినది, సరైనది. తప్పొప్పులు అంటాం, ఒప్పందం అంటాం. ఒప్పుకొను అంటే ఇది సరే, ఇది నాకు తగును అని తన మీదికి తీసుకోవడం. తప్పు ఒప్పుకున్నాడు అన్నా కూడా లోపల అర్థం అదే, ఆ పని నాదే అని తన మీద వేసుకున్నాడని.

మన పక్క పెళ్లి మాటలు గుర్తు తెచ్చుకోండి. "సంబంధం ఒప్పుకున్నారు" అంటాం. పిల్ల నచ్చింది అనుకోవడం వేరు, ఇంట్లో కూర్చుని ఎన్నైనా అనుకోవచ్చు. నలుగురు పెద్దలను కూర్చోబెట్టి వాళ్ల ముందర ఒప్పుకున్నాక వెనక్కి పోతే మాట తప్పినట్టే. మీ వాక్యంలో "మనుష్యులయెదుట" అని ఉంది చూడండి, నాకు అది చదవగానే పెద్దల ముందు సంబంధం ఒప్పుకోవడమే తోచింది. ఆ మాట మార్చొద్దు. పాపకు ఈ పెళ్లి సంగతి చెబితే చాలు.

కడప నుంచి:

సార్ చెప్పింది చాలా బాగుంది, దానికి గ్రీకు వైపు నుంచి కొంచెం కలుపుతా. అక్కడి క్రియ హొమొలొగెయొ. హొమొస్ అంటే అదే, ఒకటే. లొగొస్ అంటే మాట. రెండూ కలిసి, అదే మాట అనడం, ఎదుటివాడి మాటతో ఏకమవ్వడం. ఒప్పందానికి దగ్గరగానే ఉంది కదా. ఇంకో సంగతి, 1 యోహాను 1:9లో పాపములను ఒప్పుకోవడం గురించి ఉంది, అక్కడా గ్రీకులో ఇదే క్రియ, తెలుగులో కూడా ఇదే. రోమా 10:9లో యేసు ప్రభువని నోటితో ఒప్పుకోవడం, అక్కడా ఇదే. అంటే ఆ పిల్ల మరీ తప్పేమీ అడగలేదక్కా, రెండర్థాలూ ఒకే మాటలో నిజంగానే ఉన్నాయి.

ధైర్యం అన్నారు కదా, ఆ మాట కూడా చూడాలి. అపొస్తలుల కార్యములు 4:13లో యేసు శిష్యులైన పేతురు యోహానుల ధైర్యం చూసి యూదుల సభవాళ్లు ఆశ్చర్యపడ్డారు, వీళ్లు చదువులేని పామరులు కదా అని. అక్కడి గ్రీకు మాట పర్రేసియ. గుండె ధైర్యం కంటే నోటికి సంబంధించిన మాట అది, ఏదీ దాచకుండా అంతా చెప్పేయడం. యోహాను 18:20లో యేసు తాను లోకం ఎదుట మాట్లాడిన తీరు చెప్పేటప్పుడు అదే మాటను మనవాళ్లు "బాహాటముగా" అని పెట్టారు. నాకు ఆ బాహాటముగానే ఎక్కువ ఇష్టం. ఎందుకంటే లోపల వణుకుతా కూడా మనిషి బాహాటంగా మాట్లాడొచ్చు, వణుకు తగ్గేదాకా ఆగాల్సిన పని లేదు. అట్లని గొంతు పెంచి వాదించమనీ కాదు, 1 పేతురు 3:15 జవాబును "సాత్వికముతో" చెప్పమంటుంది.

కర్నూలు నుంచి:

అన్నా, అక్కా, మాట అర్థం బాగానే ఉంది కానీ దాని ధర గురించి కూడా ఎవరైనా మాట్లాడాలి. మాది ఎస్సీ కుటుంబం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నామంటే ఎస్సీ కాము. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మాలాంటోళ్లకు బీసీ-సీ ఇస్తారు, అంటే బీసీల్లో సీ గ్రూపు, రిజర్వేషన్ ఒక్క శాతం. ఇంగ్లీషులో ఆ ఉత్తర్వు చదివితే "ప్రొఫెస్" అనే మాటే ఉంటుంది, అంటే బయటికి చెప్పుకోవడం. రాజ్యాంగం 25వ అధికరణంలో మన హక్కు చెప్పే చోట కూడా అదే మాట. ఒక చోట ఒప్పుకునే హక్కు ఇచ్చి, ఇంకో చోట ఒప్పుకుంటే ఎస్సీ హోదా తీసేస్తారు. నేను డిగ్రీలో చేరేటప్పుడు ఫారం మీద మతం అనే గడి దగ్గర పెన్ను పెట్టి ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలుసు. మా నాయన పక్కన నిలబడి ఏమీ మాట్లాడలేదు. ఇట్లాంటి చోట దాచుకున్నోళ్లను పిరికివాళ్లు అని ఎవరూ అనొద్దు, ఆకలి చూసినోళ్లు వాళ్లు. చట్టం మారాలని నేను గట్టిగా అనుకుంటున్నా. కానీ చివరికి ఉన్నది ఉన్నట్టే రాసినా. ఆ రోజు మా నాయన ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు నా పళ్లెంలో ఇంకొంచెం కూర వేశాడు, అంతే.

గుత్తి నుంచి:

తమ్ముడూ, నీ మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేసినా.

నాది వేరే అనుభవం. హైదరాబాదులో హాస్టల్లో ఉన్నప్పుడు నోరు తెరిస్తే చాలు, "అనంతపురమా?" అనేవాళ్లు, "యాడికి పోతాండావు" అని ఒక్కసారి అంటే అయిపోయేది. యేసును పట్టుకుపోయిన రాత్రి, ఆయన నాకు తెలియదని పేతురు అంటున్నప్పుడు, మత్తయి 26:73లో ఆయనతో కూడా అంతే కదా, నీ పలుకే నిన్ను పట్టిస్తోంది అని అక్కడ నిలబడినోళ్లు అంటారు. గలిలయ యాస అది. అది చదివినప్పటి నుంచి పేతురు నాకు మా ఊరోడిలాగా కనిపిస్తాడు.

నాకో సందేహం. 10:32లో "ఒప్పుకొను" అని ఉంది కదా, 33లో దానికి ఎదురుగా "ఒప్పుకోకపోతే" అని రావాలి. కానీ "ఎరుగననునో" అని ఉంది. ఎందుకు?

కడప నుంచి:

అన్నా, నిజంగా మంచి చోటు పట్టుకున్నారు. గ్రీకులో 33లో ఉన్నది అర్నెయొమై, నిరాకరించడం, కాదనడం అని అంతే. అందులో తెలియడం అనే అర్థం లేదు. ఆ రాత్రి కోడి కూసేలోపు పేతురు చలిమంట దగ్గర మూడుసార్లు యేసును కాదన్నాడు కదా, అక్కడ అన్న మాటేమో ఊక్ ఒయిద, ఎరుగను అని. మన అనువాదకులు పేతురు నోట్లోంచి వచ్చిన ఆ మాటనే తెచ్చి 33లో పెట్టినట్టుంది. దాంతో తెలుగులో ఆ వాక్యం చదివే ప్రతివాడికీ మంట, కోడి కూత గుర్తొస్తాయి. ఇంకా ఏమైందంటే, తిరస్కారం అంటే ఒక సిద్ధాంతాన్ని కాదనడం కాకుండా ఒక మనిషిని ఎరగననడం అయింది. సిద్ధాంతం గురించి అడిగితే మనం ఎంతసేపైనా మాట్లాడతాం. దారిలో మన మనిషి ఎదురొచ్చినప్పుడు పక్కనున్న గొప్పవాళ్ల కోసం ముఖం తిప్పుకుంటామే, 33 చెప్పేది దాని గురించి.

జమ్మలమడుగు నుంచి (అడిగినది):

ఇన్ని జవాబులు వస్తాయని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. కర్నూలు తమ్ముడూ, నీకు ప్రత్యేకంగా. నువ్వు ఫారం మీద రాసింది చదివాక నా బొట్టు సంగతి ఎంత చిన్నదో అర్థమైంది, చిన్నదానికే నేను ఎరగనన్నానని కూడా.

నిన్న సండే స్కూల్లో పండితుల వారి పెళ్లి సంబంధం ఉదాహరణ చెప్పినా. పిల్లలకు వెంటనే పట్టింది. తర్వాత 33 చెప్పి పేతురు కథ చెబితే అదే పిల్ల మళ్లీ లేచింది. "మరి పేతురు ఎరుగను అన్నాడు కదా, అయితే యేసయ్య కూడా ఆయన్ని ఎరుగను అన్నాడా?" ఈసారి సర్దేయలేదు. బైబిల్ తీసి యోహాను 21 దానిచేతనే చదివించినా. నన్ను ప్రేమించుచున్నావా అని ఆయన మూడుసార్లు అడగడం, పేతురు మూడుసార్లూ "నీవే యెరుగుదువు" అనడం. చదువుతా చదువుతా ఆ పిల్లే ఆగి, "అక్కా, ఎరుగను అన్నోడే ఎరుగుదువు అంటున్నాడు" అనింది. నేను ఇన్నేళ్లుగా చదువుతున్నా నాకు తట్టలేదు.

ఇంకొక్కటి. శుక్రవారం ఆఫీసులో ఆ బొట్టు అడిగినామె పక్కన కూర్చుని, అప్పుడు నేను మర్చిపోలేదండీ, మేము క్రైస్తవులమే అని చెప్పినా. ఆమె "నాకు అప్పుడే తెలుసులే" అని పప్పు గిన్నె ఇటు జరిపింది.