1000 గజాలకు .308 రైఫిల్ చాలదా? 6.5 క్రీడ్‌మోర్‌కి (ఇంకో రకం తూటా) మారాలా?

టెక్సాస్‌లో ఉంటాను. నాది .308 విన్‌చెస్టర్ రకం తూటాలు కాల్చే రైఫిల్, షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాలకు సరిపడే యంత్రభాగం), 20 అంగుళాల బ్యారెల్ (గొట్టం), దాని లోపలి గాడులు 10 అంగుళాలకు ఒక చుట్టు. 600 గజాల దాకా ఏ ఇబ్బందీ లేదు, 5 తూటాలు 6 అంగుళాల లోపే పడతాయి. 1000 గజాలకు వెళ్తే మాత్రం చెల్లాచెదురు. కొన్ని కాగితంలోకి అడ్డంగా దూరిన గుర్తులు కూడా ఉన్నాయి.

వాడేది 175 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) మ్యాచ్ తూటా, అంటే పోటీలకు చేసినది. క్రోనోగ్రాఫ్‌లో (తూటా వేగం కొలిచే పరికరం) సగటు వేగం సెకనుకు 2530 అడుగులు. బ్యారెల్ శుభ్రం చేశాను, స్కోప్ రింగులు మళ్లీ బిగించాను, స్నేహితుడి స్కోప్ పెట్టి చూశాను. 168 గ్రెయిన్లతో ఇంకా ఘోరం. గాలి లేని పొద్దున కూడా ఇదే తంతు. తూటా దారిని లెక్కగట్టే బాలిస్టిక్ యాప్ ప్రకారం అంత దూరం వెళ్లేసరికి తూటా వేగం దాదాపు ధ్వని వేగానికి పడిపోతోంది. ఆ వేగం దగ్గర తూటా నిలకడ తప్పుతోందని, అసలు చిక్కు అక్కడే అని నా అనుమానం.

6.5 క్రీడ్‌మోర్‌కి బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) మార్చక్కర్లేదు, బ్యారెల్ మారిస్తే చాలు. గాలికి పక్కకు జరగడం తక్కువ, భుజానికి దెబ్బా తక్కువే. కానీ బ్యారెల్ త్వరగా అరుగుతుంది, పైగా ఎఫ్-టీఆర్ (దూరపు గురి రైఫిల్ షూటింగ్) పోటీల్లో .308, .223 తప్ప వేరేవి ఒప్పుకోరు. నాకేమో ఆ పోటీల మీదే మనసు. సొంతంగా తూటాలు నింపుకోను, కొన్నవే వాడతాను. ఏడాదికి 800 దాకా కాలుస్తాను.

ఒక్క బ్యారెల్‌కే డబ్బుంది. కొన్న తూటాలతోనే 1000 గజాలు నిలకడగా కొట్టాలంటే .308లోనే వేగం పెంచే 26 అంగుళాల పొడుగు బ్యారెల్ సరిపోతుందా, లేక 6.5కి మారడమే మేలా?