టిఫిన్ బండి దగ్గర డైలాగులు ఎట్లా రికార్డు చేయాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఫోన్‌తోనే ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం, యూట్యూబ్‌లో పెట్టడానికి. కథంతా రాత్రిపూట, బస్టాండ్ దగ్గర ఒక టిఫిన్ బండి చుట్టూ నడుస్తుంది.

పిక్చర్ సంగతి ఒక దారికొచ్చింది. ట్యూబ్‌లైట్ వెలుగు వీడియోలో మినుకుమినుకుమంటుంటే షటర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుగు తీసుకునే సమయం) సెకనులో 1/50వ వంతుకి మార్చాం. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ గొడవ తీరింది. తిరుమలలో డ్రోన్ ఎగరేయకూడదు కాబట్టి కొండను మా మిద్దె మీదినుంచే తీశాం. నిజానికి అదే బాగొచ్చింది.

అసలు తలనొప్పి సౌండే. కాలర్ మైకు పెట్టినా పెనం మీద నీళ్లు చల్లిన చుయ్ శబ్దం, వెనక బస్సుల హారన్లు కలిసి మాటల్ని మింగేస్తున్నాయి. డబ్బింగ్ చెప్పిద్దామంటే, సినిమాలో బండాయన పాత్ర వేసేది నిజంగా బండి నడిపే పెద్దాయనే. "ఏం నాయనా, కారందోసె ఎయ్యమంటావా?" అని అక్కడ అన్నట్టు గదిలో మైకు ముందు అనలేడు. మన చిత్తూరు యాస పోతే ఈ సినిమాలో ఇంకేం మిగలదు.

షాట్ అయిన వెంటనే పక్క సందులోకి తీసుకెళ్లి, అవే డైలాగులు మళ్లీ చెప్పించి రికార్డు చేస్తే పెదాలకు సరిపోతాయా? ఎవరైనా అలా చేశారా? ఫోన్ యాప్‌లోనే అతికించొచ్చా, కంప్యూటర్ కావాలా? నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ మాత్రం చెప్పకండి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటోంది. కొత్త మైకే కొనాలంటే మేం పెట్టగలిగింది రెండు మూడు వేలే.