హాలోవీన్ సినిమాలు పదమూడింట్లో మా బావమరిదికి ఏవి చూపించాలి?

ఏడురోడ్లోడు (కడప):

మా బావమరిది దసరా సెలవులకు మా ఇంట్లో దిగాడు. ఇంజనీరింగ్ రెండో ఏడు. మాస్కు వేసుకున్న మైకేల్ అనేవాడు మనుషులను చంపుతూ తిరిగే హాలోవీన్ సినిమాల్లో 2018లో వచ్చింది ఒక్కటే చూశాడు, ఇక ఆ సిరీస్ మొత్తం తనకు కొట్టినపిండి అన్నట్టు మాట్లాడుతున్నాడు. నిన్న 1978 నాటి మొదటి సినిమా పెట్టాను. అరగంట కాకముందే ఫోన్ తీశాడు. "మొదట్లో వాళ్లక్కను చంపాక మళ్లీ ఎవరినీ చంపలేదేం బావా?" అంటాడు. రిమోట్ తీసుకుని ఆపేశాను.

సోమవారం వెళ్లిపోతాడు. మధ్యలో మూడు రాత్రులున్నాయి. మొత్తం పదమూడు సినిమాలు. ఏ మూడు చూపించాలి?

నా లెక్కలో మొదటి రాత్రి 1978దే. మళ్లీ మొదటినుంచి, వాడి ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసి. రెండో రాత్రి 1998లో వచ్చిన ఏడో భాగం, హెచ్ 20. మూడోదే తేలడం లేదు. రాబ్ జాంబీ 2007లో తీసిన రీమేక్ పెట్టమని వాడి గోల. నాకు చేతులు రావడం లేదు. దానికో కథ ఉంది, చెప్తాను.

1990ల్లో, పది పరీక్షలు అయిపోయిన ఎండాకాలం. ఏడు రోడ్ల దగ్గర ఒక వీడియో షాపులో ఆ 1978 సినిమా క్యాసెట్ అద్దెకు తెచ్చాం. వీసీఆర్ కూడా అద్దెదే, సైకిల్ క్యారియర్ మీద దుప్పటి చుట్టి తెచ్చాం. ఐదుగురం చూస్తున్నాం. చివర్లో మైకేల్ డాక్టరు లూమిస్ వాడి మీద ఆరు గుళ్లు పేల్చాడు. మైకేల్ బాల్కనీ మీంచి వెల్లకిలా పడ్డాడు. పడ్డాడో లేదో, టీవీలో తలంబ్రాలు! ఎవరిదో పెళ్లి. పెళ్లికొడుకు కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు, ఎవరో పెద్దావిడ కెమెరాకు అడ్డం వస్తూ పోతూ ఉంది. సరేలే, మైకేల్ ఎలాగూ చచ్చాడు కదా అని వీసీఆర్ కట్టేశాం.

పదేళ్ల తర్వాత డీవీడీలో చూస్తే గానీ తెలియలేదు, లూమిస్ కిందికి తొంగి చూసినప్పుడు గడ్డి మీద ఎవరూ లేరని. ఆ తర్వాత హాలు, మెట్లు, వీధిలో ఇళ్లు, ఒక్కొక్కటే ఖాళీగా చూపిస్తారు. వెనక ఆ మాస్కులోంచి వచ్చే ఊపిరి. సినిమా ప్రాణమంతా ఆ నిమిషంలోనే ఉంది. దాన్ని ఆ పెళ్లికొడుకు మింగేశాడు.

సీక్వెల్ అంటే నాకు ఇప్పటికీ ఆ తలంబ్రాలే, ఉన్న కథ మీద ఇంకోటి ఎక్కించడం. 1981లో రెండో భాగం వచ్చింది, మొదటి సినిమాలో మైకేల్ వెంటాడిన అమ్మాయి లారీ వాడి చెల్లెలని తేల్చారు. మొదటి సినిమా తీసి, దీన్నీ రాసిన జాన్ కార్పెంటరే రాత్రిళ్లు బీరు తాగుతూ, కథ తోచక రాశానని తర్వాత ఒప్పుకున్నాడు. అంతటితో ఊరుకున్నారా, మొదటి సినిమాను టీవీలో వేయడానికి కొత్త సీన్లు తీసి అతికించారు. మైకేల్ ఉన్న ఆసుపత్రి గది తలుపు మీద "సిస్టర్" అని గీకి ఉన్నట్టు. అంటే వెనక్కి పోయి మరీ ఎక్కించారు! 2018కి వచ్చేసరికి ఆ చెల్లెలి సంగతి జనం పుట్టించిన మాటని ఒక్క డైలాగుతో కొట్టేశారు. జాంబీ సినిమాలో చెల్లెలు ఉంది, దానికి తోడు తిట్టిపోసే తాగుబోతు, బళ్లో ఏడిపించే పిల్లలు. మైకేల్ ఎందుకిలా అయ్యాడో అంత వివరంగా చెప్పేశాక ఇంకేం భయం? పాపం అనిపిస్తుంది.

బురుజు కింద (కర్నూలు):

తలంబ్రాల దగ్గర టీ పొలమారింది అన్నా.

కానీ నువ్వు నెత్తిన పెట్టుకుంటున్న హెచ్ 20 మాత్రం తక్కువ తిన్నదా? 1988లో నాలుగు, 89లో ఐదు, 95లో ఆరు వచ్చాయి. నాలుగులో లారీ చనిపోయింది, ఆమె కూతురు జేమీని మైకేల్ వెంటాడతాడు. ఆ పాప నటన చూసే నేను ఈ సిరీస్‌లో పడ్డాను. హెచ్ 20లో లారీ చావనే లేదు, పేరు మార్చుకుని కాలిఫోర్నియాలో స్కూలు నడుపుతోంది. జేమీ ఊసే లేదు. మూడు సినిమాలు కాలవలో కొట్టుకుపోయాయి. ఇంత కష్టపడి బతికించిన లారీని 2002లో వచ్చిన తర్వాతి భాగంలో మొదటి పావుగంటలోనే చంపేశారు. దాని గురించి ఇంకో ముక్క కూడా రాయను, బీపీ.

నీ మూడో రాత్రికి మూడోదే పెట్టు. 1982. మైకేల్ లేడు. ప్రతి ఏడూ ఒక కొత్త కథ చెప్దామనుకున్నారు, జనం మాస్కోడు ఏడని గొడవ చేశారు, సినిమా పోయింది. పిల్లలకు మాస్కులు అమ్మే కంపెనీ, టీవీలో పదే పదే అదే ప్రకటన, అదే పాట. హాలోవీన్ పండగ రాత్రి ఆ ప్రకటన వచ్చే టైముకు మాస్కు పెట్టుకున్న ప్రతి పిల్లాడి పనీ అయిపోతుంది. చివర్లో హీరో ఫోన్లో "ఆపండి, ఆపండి" అని అరుస్తుంటే సినిమా అయిపోతుంది. ఆపారో లేదో చెప్పరు. ఖాళీ గడ్డి చూపించి వదిలేసిన మొదటి సినిమాకు నిజమైన వారసుడు ఇదేనని నా వాదన. పైగా తీసింది టామీ లీ వాలెస్. మొదటి సినిమాలో ఆ మాస్కు తయారుచేసింది ఆయనే.

తకిట (అనంతపురం):

నేను డాన్స్ నేర్పిస్తాను. ఈ సినిమాల కథల్లో ఎవరు ఎవరికి చెల్లెలో నాకు ఎప్పుడూ గుర్తుండదు. కానీ మొదటి సినిమాలో ఆ పియానో మాత్రం మొదటిసారి విన్నప్పుడే చేతులు తాళం వేయబోయి ఆగిపోయాయి. మామూలు నాలుగు లెక్క కాదు. తకిట తకిట తక తక. పది. అంటే ఐదు లెక్కే, మన తాళాల్లో ఖండంలాగా. కార్పెంటర్ తండ్రి సంగీతం ప్రొఫెసర్, చిన్నప్పుడు కొడుక్కి బాంగోల మీద ఈ ఐదు లెక్క నేర్పించాడట. దాన్నే పియానో మీదికి ఎక్కించాడు కొడుకు.

భయం ఎక్కడుందో మా క్లాసులో చేసి చూశాను. నాలుగుకు అలవాటైన పిల్లలను నడవమని ఇది పెట్టాను. సమం, అంటే తాళం మొదటి దెబ్బ, వచ్చిందనుకుని కాలు వేస్తారు, అది రాదు. కాలు గాల్లో ఉండిపోతుంది. ఒకమ్మాయి "ఎవరో వెనకనుంచి తోసినట్టుంది మేడం" అంది. దానికి ఏ సినిమా అని చెప్పలేదు నేను.

మాస్కు గురించి ఒక మాట. అది స్టార్ ట్రెక్ సీరియల్లోని కెప్టెన్ కిర్క్ మొహం మాస్కు. రెండు డాలర్లలోపే కొన్నారు. కనుబొమ్మలు పీకేసి, కళ్ల రంధ్రాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టారు. మొదటి సినిమా చివరి పేర్లలో ఆ మాస్కు మనిషికి మైకేల్ అని కూడా లేదు, "ది షేప్" అని ఉంటుంది. మా అవ్వ దయ్యం అనేది కాదు, "ఆకారం కనపడింది" అనేది. అదే మాట! ఆకారానికి బాల్యం ఎందుకండీ?

2018 సినిమాను మాత్రం అంత తీసిపారేయకండి. సంగీతం మళ్లీ కార్పెంటరే చేశారు, కొడుకు కోడీతో, డేనియల్ డేవిస్‌తో కలిసి.

కారందోశ (ప్రొద్దుటూరు):

అందరూ కలిసి జాంబీ మీద పడితే ఎట్లన్నా? నేనొక్కణ్నైనా ఆయన పక్కన నిలబడతా.

ఆయన సినిమాలో పిల్లోడుగా ఉన్న మైకేల్ ఆసుపత్రి గదిలో కాగితాలతో మాస్కులు చేసుకునే సీన్లు గుర్తున్నాయా? గోడ నిండా మాస్కులే. రోజురోజుకూ మాటలు తగ్గిపోతాయి. వాళ్లమ్మ వారం వారం వచ్చి కూర్చుంటుంది, ఒకరోజు వీడు మాస్కు తీయడు. అంతే. కత్తి లేదు, రక్తం లేదు. నాకు మొత్తం పదమూడింట్లో అంత గుబులు ఎక్కడా పుట్టలేదు. కారణం తెలిస్తే భయం పోతుందంటారు మీరు. మన వీధిలో పిల్లోడే కళ్ల ముందు అట్లా తయారవుతుంటే, మనం చూస్తూ కూడా ఏమీ చేయలేకపోతే? అది ఆకారం కంటే భయం కాదా? పెద్దయ్యాక ఆ వేషంలో టైలర్ మేన్ అనే నటుడు వస్తాడు, ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. తలుపులు తీసుకుని రాడు, పగలగొట్టుకుని వస్తాడు.

అయినా మన సీమోళ్లం ఫ్లాష్‌బ్యాక్ వద్దంటే ఎట్లా? మన మీద తీసిన సినిమాల్లో బాంబు విసిరి పారిపోయేవాడికి కూడా పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది కదా.

ఏడురోడ్లోడు (కడప):

సరిగ్గా అందుకే వద్దంటున్నా తమ్ముడూ! హైదరాబాద్‌లో ఇల్లు వెతికేటప్పుడు కడప అనగానే ఒక ఓనరు "మీ ఇళ్లల్లో నాటుబాంబులు ఉంటాయంట కదా" అని నవ్వుతూనే అడిగాడు. అద్దె మాత్రం నవ్వకుండా ఎక్కువ చెప్పాడు. ఫ్లాష్‌బ్యాకులు చూసీ చూసీ మన గురించి అందరికీ కారణాలు తెలిసిపోయాయి.

హాడన్‌ఫీల్డ్ అనే ఆ సినిమా ఊరివాళ్లకు ఆ బాధ లేదు, అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో ఆ ఊరే లేదు. అక్కడ అని చెప్పి కాలిఫోర్నియాలో తీశారు. కాలిఫోర్నియాలో రాలిన ఆకులు లేవని రంగు వేసిన ఆకులు తెచ్చి చల్లారు. షాట్ అవగానే ఏరి సంచుల్లో వేసుకుని ఇంకో వీధిలో మళ్లీ చల్లారు. డబ్బు లేదు మరి. జాగ్రత్తగా చూస్తే వెనక తాటిచెట్ల లాంటివి కూడా కనపడతాయి.

మాస్కు తీయని సీను గురించి నువ్వు చెప్పింది మాత్రం నిజం. అది మర్చిపోయాను. ఆ మొదటి గంట వరకు ఒప్పుకుంటా.

పాత క్యాసెట్ (అనంతపురం):

తమ్ముడూ, ఆ తలంబ్రాల పాపం షాపువాడి మీద వేయకు. టవర్ క్లాక్ దగ్గర తొమ్మిదేళ్లు వీడియో షాపు నడిపినవాణ్ని, చెప్తున్నా విను. క్యాసెట్ వెనక అంచున ఎడమ పక్క చిన్న ప్లాస్టిక్ చెవి ఉంటుంది. అది విరగ్గొడితే ఇక దాని మీద రికార్డు కాదు. మేం తెచ్చిన రోజే స్క్రూడ్రైవరుతో విరగ్గొట్టేవాళ్లం. అద్దెకు తీసుకెళ్లేవాళ్లు ఆ గుంట మీద సెల్లోటేపు అంటించేవాళ్లు. మళ్లీ రికార్డు అయ్యేది. తిరిగిచ్చేటప్పుడు టేపు పీకి ఇచ్చేవాళ్లు, జిగురు మాత్రం వేలికి తగిలేది. నేను క్యాసెట్ తీసుకోగానే ముందు ఆ గుంట తడిమి చూసేది.

నీ సినిమా గంటన్నర. క్యాసెట్ మూడు గంటలది. మిగతా సగం ఖాళీయే కదా అని ఎవడో తమ ఇంటి పెళ్లి ఎక్కించుకున్నాడు. సినిమాను చెరపాలని కాదు, పాపం. ఆరు గుళ్లు తిని మనిషి మేడ మీంచి పడ్డాడు. సినిమా అయిపోయిందనుకుని అక్కడ రికార్డు నొక్కాడు.

ఏడురోడ్లోడు (కడప):

అన్నా! ఇన్నేళ్లూ ఆ పెళ్లికొడుకును తిట్టుకున్నాను. వాళ్లూ మైకేల్ చచ్చాడనే అనుకున్నారన్నమాట.

రాత్రి మొదటిది మళ్లీ పెట్టాం. ఫోన్ నిజంగానే బీరువాలో పెట్టాను. పక్కన మా అమ్మ చెనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. తకిట మేడం చెప్పారని ఆ పియానోకు నేను తొడ మీద లెక్క వేస్తుంటే బావమరిది కూడా మొదలుపెట్టాడు, ఇద్దరికీ తప్పింది. చివరి అరగంట వాడు కదల్లేదు. ఖాళీ గడ్డి దగ్గర "ఏడి బావా?" అన్నాడు. నేను నోరెత్తలేదు.

ఈ రాత్రికి హెచ్ 20 పక్కన పెట్టి కర్నూలాయన చెప్పిన 1982దే పెడుతున్నా. రేపు జాంబీది, మొదటి గంట. ఆ తర్వాత ప్రొద్దుటూరు తమ్ముడి పూచీ.

మా అమ్మకు మైకేల్ మీద ఏ ఫిర్యాదూ లేదు. ఆమె కోపమంతా లారీ మీదే. రెండుసార్లు కత్తి చేతికొచ్చింది, రెండుసార్లూ వాడి పక్కనే పారేసింది కదా. పొద్దున టిఫిను పెడుతూ కూడా అదే. "అంత చదువుకున్న పిల్ల, కత్తి అట్లా కింద పారేస్తుందా నాయనా?"